80 కేజీల బస్తా, జారిన డిస్క్: పలాస జీడి మిల్లు కలాసీ నష్టపరిహారం కేసు

నడుం దెబ్బ కేసులో అన్నిటికంటే పెద్ద చిక్కు, చూపించడానికి గాయం ఉండదు. మిషన్‌లో పడి వేలు తెగితే ఫొటో తీసి ఫైల్లో పెట్టొచ్చు, ఏ వేలికి ఎంత శాతమో ఉద్యోగుల నష్టపరిహార చట్టం చివర షెడ్యూల్‌లో రాసే ఉంటుంది, లెక్క కట్టుకోవడమే. ఆ షెడ్యూల్‌లో నడుం లేదు. పైగా నలభై దాటాక నడుం నొప్పి తెలియని మనిషి ఊళ్ళో ఎంతమంది ఉంటారు? అందుకే అవతలి లాయరు నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఇది వయసుతో వచ్చేదేనండి". దానికి జవాబు మన దగ్గర కాగితం రూపంలో లేకపోతే చాలా కేసులు అక్కడే సగం పోతాయి. ఆ కాగితాలు ఎక్కడెక్కడ దొరుకుతాయో చెప్పడానికి మన శ్రీకాకుళంలోనే తేలిన ఒక కేసు మొత్తం రాస్తున్నా. క్లయింట్ సరే అన్నాకే రాస్తున్నా, మిల్లు పేరు, ఆసుపత్రుల పేర్లు, ఇన్సూరెన్స్ కంపెనీ పేరు మాత్రం ఇందులో ఉండవు.

మనిషికి అప్పటికి 40 నిండాయి. వజ్రపుకొత్తూరు వైపు ఊరు, పలాస–కాశీబుగ్గలో ఒక జీడి మిల్లుకి సరుకు వచ్చినప్పుడల్లా దించే ముఠాలో కలాసీ. మన ఉద్దానం జీడి పిక్కలు ఇక్కడి మిల్లులకి ఏడాది పొడుగునా చాలవు కాబట్టి ఆఫ్రికా పిక్కలు పోర్టు నుంచి కంటైనర్లలో వస్తాయి. బస్తా 80 కేజీలు. ఇక్కడ రైతు పిక్కల ధర చెప్పినా ఆ 80 కేజీల బస్తా లెక్కనే చెప్తాడు, అంతగా అలవాటైపోయిన తూకం అది. అది మనిషి వీపు మీద మొయ్యాల్సిన బరువేనా అని ఎవరూ అడగరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగవాళ్ళు చేత్తో మోసే బరువు 55 కేజీలు దాటకూడదని సిఫారసు చేసింది. అప్పుడు అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 34 కూడా దెబ్బ తగిలేంత బరువు మనిషి చేత మోయించకూడదనే చెప్పింది. ఈ రెండూ పిటిషన్‌లో రాశాను, ఎందుకు రాశానో కింద తెలుస్తుంది.

2022 జూన్‌లో ఒక కంటైనర్ వచ్చింది, 200 బస్తాలు, దించడానికి ఐదుగురు. గోడౌన్‌లో బస్తాల మీద బస్తాలు పేర్చుకుంటూ పోతున్నారు, పై వరసకి ఎక్కడానికి వాలుగా ఒక చెక్క వేశారు. ఈయన బస్తా వీపున వేసుకుని చెక్క ఎక్కుతుంటే చెక్క కాస్త పక్కకి ఒరిగింది, బస్తా ఎడమ వైపు జారింది, కింద ఇంకొకతను వస్తున్నాడని దాన్ని పడనీకుండా నడుం తిప్పి ఆపాడు. బస్తా పడలేదు, ఆయనా పడలేదు. ఏదో పుటుక్కుమన్నట్టు అయి అక్కడే చతికిలబడ్డాడు. కాసేపు పడుకుని, టీ తాగి, లేవలేక, తోటివాళ్ళ బండి మీద ఇంటికి పోయాడు. ఆ పూట ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఏవో మాత్రలు వేసుకున్నాడు.

రెండో రోజుకి నొప్పి పిరుదు నుంచి ఎడమ కాలి పిక్క దాకా జాలుగా దిగింది. కాశీబుగ్గలో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన నొప్పి ఇంజెక్షన్ ఇవ్వకుండా ముందు రక్త పరీక్షకి పంపాడు. ఉద్దానం తెలిసినవాళ్ళకి దీని అర్థం చెప్పక్కర్లేదు. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో, దానికి కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదని కూడా అందరికీ తెలుసు. అందుకే జాగ్రత్త ఉన్న డాక్టర్ కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా పెయిన్ కిల్లర్ రాయడు. ఆ ల్యాబ్‌కి రాసిన చీటీ మీద ఆయన ఒక ముక్క రాశాడు: రెండు రోజులుగా నడుం నొప్పి, బరువు ఎత్తాక మొదలైంది, ఇంజెక్షన్‌కి ముందు క్రియాటినిన్ చూడాలి. తేదీ, సంతకం. రిపోర్టు మామూలుగానే వచ్చింది, ఇంజెక్షన్ ఇచ్చారు, చీటీ ఇంట్లో రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో పడి ఉండిపోయింది.

తర్వాతి ఆరు వారాలు మనందరికీ తెలిసిన కథే. ఇంజెక్షన్లు, బెల్టు, పుత్తూరు కట్టు లాంటివి, ఎవరో చెప్పిన నూనె. కాలి బొటనవేలు పైకి లేవడం మానేసి, నడిస్తే చెప్పు జారిపోవడం మొదలయ్యాక ఎమ్మారై తీశారు. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుంలో నాలుగో, ఐదో పూసల మధ్య డిస్క్ పెద్దగా బయటికొచ్చి నరాన్ని నొక్కుతోంది. ఆగస్టులో విశాఖలో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేశారు. కాలి నొప్పి చాలా వరకు పోయింది, వేలి బలహీనత కొంత మిగిలింది, వంగి బరువెత్తే పని ఇక ఎప్పటికీ వద్దన్నారు.

మిల్లు యజమాని చెడ్డవాడని చెప్పను, ఆసుపత్రి ఖర్చులకని 30 వేలు ఇచ్చాడు. తర్వాత ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి, ఇంకో 50 వేలు ఇస్తాను, ఇకపై ఏ హక్కూ లేదని స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టమన్నాడు. ఈయన భార్య అదే మిల్లులో పీలింగ్‌కి, అంటే జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది, ఆ ఇంట్లో అప్పుడు వస్తున్న సంపాదన అదొక్కటే. సంతకం పెట్టకపోతే ఆవిడ పని ఏమవుతుందో ఎవరూ నోరు తెరిచి అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు. పెట్టేశారు. నా దగ్గరికి 2023 మొదట్లో వచ్చేసరికి ఆ కాగితం జిరాక్స్ కూడా తెచ్చారు. "ఇది రాసిచ్చీసినాం కదా బాబూ, ఇంకేటీ నేదంటారేటి?" అని ఆవిడ అడిగింది.

ఉంది. ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 1923, సెక్షన్ 17 ప్రకారం చట్టం ఇచ్చిన పరిహారాన్ని వదులుకుంటూ రాసిన ఒప్పందం చెల్లదు, ఎంత పెద్ద స్టాంపు పేపర్ మీద రాసినా సరే. రాజీ నిజంగా చేసుకోవాలంటే సెక్షన్ 28 కింద ఈ కేసులు విచారించే కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి, మొత్తం మరీ తక్కువైతే ఆయన రిజిస్టర్ చేయడు. గడువు ప్రమాదం నాటి నుంచి రెండేళ్ళు, మనం లోపలే ఉన్నాం. ఇంకో మాట, 2017 సవరణతో వచ్చిన సెక్షన్ 17ఏ ప్రకారం పనిలో చేర్చుకునేటప్పుడే నష్టపరిహారం హక్కు గురించి కార్మికుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా చెప్పాలి. పలాసలో ఆ కాగితం అందుకున్న కలాసీ ఒక్కడు కూడా నాకు ఇంతవరకు తగల్లేదు.

ఎవరు ఇలాంటి కేసుతో వచ్చినా ముందు అడగాల్సింది ఈఎస్‌ఐ నంబర్ ఉందా అని. ఉంటే ఈఎస్‌ఐ చట్టం సెక్షన్ 53 వల్ల ఈ దారి మూసుకుపోతుంది, అక్కడి మెడికల్ బోర్డు దారి పట్టాలి. చాలామంది జూనియర్లు ఇది చూడకుండా పిటిషన్ వేసి ఏడాది తర్వాత తలపట్టుకుంటారు. ఈయన పేరు మీద చందా ఎప్పుడూ కట్టలేదు, మిల్లుకి మాత్రం కార్మికుల నష్టపరిహారం ఇన్సూరెన్స్ పాలసీ ఉంది. కాబట్టి యజమానినీ, ఇన్సూరెన్స్ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టి శ్రీకాకుళంలో కార్మిక శాఖ దగ్గర కమిషనర్ ముందు వేశాం.

యజమాని జవాబు ఊహించిందే, "అతను మా ఉద్యోగి కాదు, ముఠా మేస్త్రీ తెచ్చుకున్న కూలీ". దీని మీద ఎక్కువ రాయను, సెక్షన్ 12 ఉంది, వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకి ఇచ్చినా అసలు యజమాని బాధ్యత పోదు, 2000 సవరణ తర్వాత క్యాజువల్ కూలీ అన్న వంక కూడా మిగల్లేదు. పిక్కల బస్తా దించకుండా జీడి మిల్లు ఎలా నడుస్తుందో చెప్పమన్నాను, అక్కడితో ఆ వాదన నీరుగారిపోయింది.

అసలు పోరు ఇన్సూరెన్స్ లాయరుతో. ఆయన మంచి లాయరు, మూడు దెబ్బలు కొట్టాడు.

మొదటిది, ఇది ప్రమాదమే కాదు. మనిషి పడలేదు, బస్తా పడలేదు, రోజూ చేసే పనే చేస్తున్నాడు, ప్రమాదం ఎక్కడుంది? దీనికి జవాబు నూట ఇరవై ఏళ్ళ కిందటిది. 1903లో ఇంగ్లండ్‌లో అప్పటి పై కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ ఫెంటన్ కేసులో తేల్చింది, బిగుసుకుపోయిన చక్రం తిప్పబోయి లోపల చిట్లిన కార్మికుడిది కూడా ప్రమాదమే, బయట నుంచి ఏదో వచ్చి తగలక్కర్లేదు, అనుకోనిది జరిగితే చాలు. మన చట్టం ఆ ఇంగ్లీషు చట్టాన్ని చూసి రాసుకున్నదే కాబట్టి ఆ మాట ఇప్పటికీ పనికొస్తుంది. సెక్షన్ 34, 55 కేజీలు పిటిషన్‌లో పెట్టింది కూడా ఇందుకే, రోజూ చేస్తున్నంత మాత్రాన ఆ బరువు మామూలు బరువు అయిపోదని చెప్పడానికి.

రెండోది నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది. విశాఖ ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీలో "ఆరు నెలలుగా నడుం నొప్పి, నెలన్నరగా ఎక్కువైంది" అని ఉంది. బస్తా ఊసే లేదు. ఎలా వచ్చిందా అని ఆరా తీస్తే, అడ్మిషన్ రోజు వెంట ఉన్నది బావమరిది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఇంతకు ముందు నొప్పి ఉండేదా అని అడిగాడు, "కలాసీ పనండి, నొప్పి నేకుండా ఎలగుంటాదండి, ఆర్నెల్ల బట్టీ అంటన్నాడు" అన్నాడట ఆ బావమరిది. అబద్ధమేం కాదు. పనిలో దెబ్బ అని చెప్తే మెడికో లీగల్ కేసు అవుతుంది, పోలీసులు వస్తారు అని కూడా ఇంట్లోవాళ్ళకి భయం, మిల్లు నుంచి వచ్చిన మనిషి ఆ భయాన్ని పెంచాడని నా అనుమానం. ఇలా ఒక్క వాక్యంతో కేసులు పోవడం ఇంతకుముందు చూశాను.

ఇక్కడే ఆ ప్లాస్టిక్ కవర్ అక్కరకొచ్చింది. నేను మొదట్నుంచీ క్లయింట్లకి చెప్పేది, ఏది పనికొస్తుందో మీరు తేల్చొద్దు, ఇంట్లో ఉన్న కాగితాలన్నీ సంచిలో వేసి తెచ్చేయండి అని. రేషన్ కార్డు, గ్యాస్ బుక్కు, వాటి మధ్య మడతలు పడి ఆ క్రియాటినిన్ చీటీ. దావా ఆలోచనే లేని రోజున, ప్రమాదం జరిగిన రెండో రోజున, ఈ గొడవతో ఏ సంబంధమూ లేని డాక్టరు రాసిన ముక్క, బరువు ఎత్తాక మొదలైంది. ల్యాబ్ రిజిస్టర్‌లో అదే తేదీ, అదే పేరు. ఆ డాక్టర్ని సాక్షిగా పిలిపించాం, వచ్చి తన రాతే అని చెప్పి పది నిమిషాల్లో వెళ్ళిపోయారు. క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నలు వేసేటప్పుడు, "మీరు కళ్ళతో చూడలేదు కదా" అని తప్ప అడగడానికి ఏమీ దొరకలేదు.

దానికి తోడు మేస్త్రీ పద్దు. ముఠాలో డబ్బు బస్తా లెక్కన పంచుకుంటారు కాబట్టి ఎవరు ఎన్ని మోశారో మేస్త్రీ చిన్న నోట్‌బుక్కులో గీతలు పెట్టుకుంటాడు. ఆ రోజు పేజీలో ఈయన పేరు ఎదురుగా 23 గీతలు, మిగతా నలుగురికి 44, 44, 44, 45. కూడితే 200. కాటా స్లిప్పులో నికర తూకం 16 టన్నుల దగ్గర, అంటే 80 కేజీల బస్తాలు 200. పెన్సిల్ గీతల పుస్తకం ఏం సాక్ష్యం అని ఎగతాళి చేసిన లాయరు, ఆ రెండూ సరిపోయేసరికి ఇంక దాని జోలికి రాలేదు. అదే పుస్తకంలో వెనక్కి తిప్పితే అంతకు ముందు ఆరు నెలలూ ఈయన బస్తాలు మిగతావాళ్ళతో సమానంగా ఉన్నాయి. ఆ రోజు తర్వాత పేరే లేదు. నొప్పి ఆరు నెలల నుంచి ఉంటే ఉండొచ్చు, ఆ నొప్పితోనే రోజూ అందరితో సమానంగా మోశాడు, మోయలేకపోయింది 24వ బస్తా నుంచి. మేస్త్రీని సాక్ష్యానికి ఒప్పించడం మాత్రం తేలిక కాలేదు, ఆ మిల్లే ఆయనకీ అన్నం పెడుతోంది.

మూడో దెబ్బ ఎమ్మారై రిపోర్టు. అందులో రెండు మూడు చోట్ల డిస్కులు ఎండిపోయాయని ఉంది, ఇది అరుగుదల, జబ్బు, ప్రమాదం కాదు అని వాదన. ఇక్కడ చాలామంది లాయర్లు అరుగుదలే లేదని వాదించి బోల్తా పడతారు. నేను ఒప్పుకున్నాను. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ఉంది, ఏ నొప్పీ లేని మనుషుల స్కానింగులు పోగేసి చూస్తే నలభై ఏళ్ళ వయసులో 68 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. నొప్పి లేనివాళ్ళలోనే మూడింట రెండు వంతుల మందికి ఉన్నదాన్ని పట్టుకుని, ఈయనకి ముందే జబ్బు ఉందని ఎలా అంటారు? అసలు ఉన్నా ఫరవాలేదు. 1910లో క్లోవర్ క్లేటన్ కేసులో కార్మికుడికి గుండె నుంచి వచ్చే రక్తనాళం ముందే ఉబ్బి పగలడానికి సిద్ధంగా ఉంది, నట్టు బిగిస్తుంటే పగిలి చనిపోయాడు, నిద్రలో కూడా పగిలి ఉండేదే అన్నారు డాక్టర్లు. అయినా పరిహారం ఇచ్చారు, పగిలింది పని చేస్తుండగా, పని వల్ల కాబట్టి.

ప్రమాదం తేలాక మిగిలింది శాతం. పరిహారం ఎంతన్నది ఇక్కడే తేలుతుంది, ఎక్కువమంది నష్టపోయేదీ ఇక్కడే. ఈయన చేతిలో ఉన్న సర్టిఫికెట్‌లో శారీరక వైకల్యం 25 శాతం అని ఉంది. సదరం సర్టిఫికెట్ అయినా, ఆర్థో డాక్టర్ ఇచ్చినదైనా అది ఒంటికి ఎంత నష్టమో చెప్తుంది. చట్టం అడిగేది వేరే, షెడ్యూల్‌లో లేని గాయానికి సెక్షన్ 4(1)(సి)(ii) కింద సంపాదించే శక్తి ఎంత పోయిందో డాక్టరు అంచనా వేయాలి. ఆఫీసులో కూర్చుని రాసుకునేవాడికీ, బస్తా మోసేవాడికీ 25 శాతం నడుం ఒక్కటి కాదు. అందుకే డాక్టర్ని సాక్షిగా పెట్టినప్పుడు నేను శాతం గురించి ఎక్కువ అడగను. ఈయన 80 కేజీలు మోయొచ్చా అని అడిగాను, మోయకూడదు అన్నారు. నలభై? కూడదు. ఎంత దాకా? పది కేజీలు, అదీ మాటిమాటికీ వంగకుండా. పది కేజీలు మోసేవాణ్ణి ముఠాలో పెట్టుకుంటారా అన్నది డాక్టర్ చెప్పాల్సిన పని లేదు, మేస్త్రీ ముందే చెప్పాడు. చివర్లో మాత్రం, కలాసీ పనికి సంబంధించినంత వరకు సంపాదించే శక్తి పూర్తిగా పోయిందా అని అడిగి, ఆ పనికి పూర్తిగా పోయింది అన్న మాట రికార్డు చేయించాను.

ఇన్సూరెన్స్ వైపు నుంచి క్రాస్‌లో ఈయన్ని బాగా నిలదీశారు. పలాస నుంచి శ్రీకాకుళం దాకా బస్సులో కూర్చునే వచ్చావు కదా అన్నారు. "నర్సన్నపేట దాకా కూకున్నాను బాబూ, ఆపైన నిలబడీసినాను" అన్నాడు. ఇలాంటి చోట పూర్తిగా నిలబడే వచ్చానని చెప్పి ఉంటే నమ్మేవాళ్ళు కాదు. క్లయింట్లకి నేను నేర్పేది ఇదొక్కటే, చేయగలిగింది చేయగలనని చెప్పండి.

మేం వంద శాతం అడిగాం, 1975 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో చేయి పోయిన వడ్రంగికి వంద శాతం నష్టమే అన్నది చూపించి. కంపెనీ పది శాతం అంది. కమిషనర్ 2024 డిసెంబర్ ఆర్డర్‌లో 50 శాతం పెట్టారు, చేయి పోవడం వేరు, ఇతను వాచ్‌మన్ పనో కాటా దగ్గర పనో చేసుకోగలడు అని. నాకైతే అరవై పైనే రావాలనిపించింది, చదువు లేని నలభై ఏళ్ళ మనిషికి పలాసలో వాచ్‌మన్ ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయి? కానీ సెక్షన్ 30 కింద హైకోర్టుకి వెళ్ళాలంటే ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉండాలి, శాతం తక్కువైందన్నది వాస్తవానికి సంబంధించిన గొడవే అవుతుంది. వద్దన్నాను.

లెక్క ఇదీ. మేస్త్రీ పద్దు ప్రకారం నెలకి 18 వేల దాకా వచ్చేది, కానీ 2020 జనవరి నుంచి చట్టంలో లెక్కకి తీసుకునే జీతం పైపరిమితి 15,000, అంతకు మించి ఎంత సంపాదించినా లెక్కలోకి రాదు. చట్టంలోని లెక్క ప్రకారం అందులో 60 శాతం 9,000. 40 ఏళ్ళ వయసుకి షెడ్యూల్ 4లో గుణకం 184.17. హెచ్చిస్తే 16,57,530, అందులో సగం 8,28,765. వడ్డీ ఏడాదికి 12 శాతం, బారువడ్డీ, ప్రమాదం రోజు నుంచే, ఇదీ ఆ ప్రతాప్ నారాయణ్ తీర్పు చలవే. రెండున్నరేళ్ళకి 2,48,630 దాకా అయింది. సెక్షన్ 25ఏ ప్రకారం ఇలాంటి దావా మూడు నెలల్లో తేల్చాలి, తేలదు, ఆ ఆలస్యానికి కార్మికుడికి కాస్త ఊరట ఈ వడ్డీయే. ఎమ్మారైకి, మందులకి బిల్లులు ఉన్నంత వరకు విడిగా ఇచ్చారు.

యజమాని ఇచ్చిన 30 వేలు తగ్గించమని గట్టిగా పట్టుబట్టారు. సెక్షన్ 4 వివరణలో స్పష్టంగా ఉంది, వైద్యం కోసం ఇచ్చింది పరిహారంగా లెక్కకి రాదు. కానీ స్టాంపు పేపర్‌తో ఇచ్చిన 50 వేలు పరిహారం పేరుతోనే ఇచ్చారు కాబట్టి అవి తగ్గించారు, అందులో అన్యాయం ఏమీ లేదు.

ఇప్పుడు 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది, 1923 చట్టం, ఈఎస్‌ఐ చట్టం స్థానంలో. సెక్షన్ నంబర్లు మారాయి, కాబట్టి కొత్త ప్రమాదాలకి పైన రాసిన నంబర్లు కాపీ కొట్టకుండా కోడ్ తెరిచి చూసుకోండి. పాత ప్రమాదాలకి మాత్రం ఆ రోజున్న చట్టమే చూడాలి.

కంపెనీ అప్పీలుకి పోకుండా డబ్బు కమిషనర్ దగ్గర డిపాజిట్ చేసింది, కొంత బ్యాంకు ఖాతాలోకి, మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్ళింది. భార్య ఆ మిల్లు మానేసి పక్క వీధిలో ఇంకో మిల్లుకి పీలింగ్‌కి వెళ్తోంది. నెలలోపు కట్టాల్సింది కట్టనందుకు యజమాని మీద యాభై శాతం దాకా పెనాల్టీ వేసే అధికారం ఉంది, అది పాలసీలోకి రాదు, సొంత జేబులోంచే కట్టాలి. దానికి షోకాజ్ నోటీసు వెళ్ళాక మళ్ళీ రాజీ కబురు వచ్చింది, ఈసారి పెద్దమనుషుల దగ్గరికి కాదు, నేరుగా నా దగ్గరికి. ఏం మాట్లాడుకున్నా కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాకే అని చెప్పి పంపాను.